పంతులమ్మ పక్కన ఒక కుర్చీ

లక్ష్మీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే కనిపించేది చదువుల బజారు. సీఏ ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ అంటూ అంతస్తు మీద అంతస్తుగా కోచింగ్ బోర్డులు, సందు మొదట్లో జిరాక్స్ దుకాణాలు, గోడల నిండా పీజీ గదుల ప్రకటనలు, టీ కొట్టు బల్ల మీద కూడా తెరిచి పెట్టిన అకౌంట్స్ పుస్తకం. ఏ రాష్ట్రం నుంచి వచ్చినవారైనా ఇక్కడ ఒకటి రెండేళ్లు గడిపి, పరీక్ష గట్టెక్కి వెళ్లిపోవాలనే చూస్తారు. వేగంగా చదవగలవాళ్ల పేట ఇది.

ఆ మేడల వెనక సందుల్లో ఇంకో చదువు నడుస్తుంది. ఢిల్లీలో చాలా ప్రభుత్వ బడుల్లో ఒకే భవనంలో పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు చదువుకుంటారు. అలాంటి బడుల తరగతుల్లో నలభై మంది మధ్య బోర్డు మీది వాక్యం పూర్తిగా దించుకోలేని పిల్ల ఒకతె ఉంటుంది. పిలిస్తే పలకని పిల్లవాడు, గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బల్ల కింద దూరే పిల్లవాడు ఉంటారు. వాళ్లను చూసి ఏం చేయాలో తోచక, ఎవరినడగాలో తెలియక సాయంత్రం ఇంటికి వెళ్లే పంతులమ్మ కూడా ఉంటుంది. ఈ ఉపన్యాసం ఆవిడ గురించి. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతూ, ఈ పిల్లలకు ఎలా చెప్పాలో ఎవరూ నేర్పని ఆ టీచరుకు ఇప్పుడు, పనిలో ఉండగా, ఎలా నేర్పడమనేదే ఇందులోని ప్రశ్న.

దీనికి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలచుకోవడం మర్యాద కోసం కాదు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన ఆమె చిన్న వయసులోనే ఆడవాళ్లకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ మూలాలు వెతికితే బెనారస్ మెట్రిక్యులేషన్‌కు అమ్మాయిలను తయారుచేసిన తరగతులు కనిపిస్తాయి. స్వతంత్రం వచ్చాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో వయోజన మహిళల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు రెండు మూడేళ్లలో మెట్రిక్ వరకు నేర్పి, టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలబెట్టాలన్నది దాని ఉద్దేశం. నడివయసులో ఉన్నారు, ఇల్లూ పిల్లలూ ఉన్నారు, ఇక వీళ్లేం నేర్చుకుంటారన్న మాటను ఆ పథకం ఒప్పుకోలేదు. నేర్చుకునేవాళ్ల జీవితానికి తగ్గట్టు కోర్సు మారాలంది. పనిలో ఉన్న ఉపాధ్యాయుల శిక్షణకు ఇంతకన్నా మంచి పునాది తెలుగువాళ్లకు ఇంకొకటి దొరకదు.

ఢిల్లీలో ఆమె పేరు మెట్రో స్టేషన్‌కు ఉంది, పింక్ లైన్ మీద. ఇంకోచోట కూడా ఉంది, అక్కడ ఆ పేరుకు పని ఎక్కువ. లాల్ బహదూర్ శాస్త్రి మార్గ్‌లో బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్ ఆవరణలో, చూపు లేని పిల్లలకు చదువు చెప్పే టీచర్లను తయారుచేసే కళాశాల ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలేజ్ ఆఫ్ స్పెషల్ ఎడ్యుకేషన్.

ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఐక్యరాజ్య సమితి వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది. అదే ఏడాది లక్ష్మీ నగర్‌కు దగ్గర్లోనే, కడ్కడ్‌డూమాలో, ఉమా తులీ అనే అధ్యాపకురాలు అమర్ జ్యోతి సంస్థను మొదలుపెట్టారు. చెట్టు కింద, ముప్పై మంది పిల్లలతో. ఆ బడి పెట్టుకున్న నియమం ఒక్కటే: వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు సమానంగా, ఒకే తరగతిలో. చట్టం అడగడానికి ఎన్నో ఏళ్ల ముందే తీసుకున్న నిర్ణయమది. తర్వాత ఆ ఆవరణలోనే వైద్యం, ఫిజియోథెరపీ, వృత్తి శిక్షణ, ప్రత్యేక విద్యలో టీచర్లకు శిక్షణ వచ్చి చేరాయి. ఉమా తులీ 2001లో దేశానికి వికలాంగుల చీఫ్ కమిషనర్ అయ్యారు, 2012లో పద్మశ్రీ అందుకున్నారు.

లక్ష్మీ నగర్‌లో రైలెక్కితే నిర్మాణ్ విహార్, ప్రీత్ విహార్, మూడోది కడ్కడ్‌డూమా. ప్రీత్ విహార్‌లో సీబీఎస్ఈ చాలాకాలం తన ప్రధాన కార్యాలయాన్ని నడిపింది. కడ్కడ్‌డూమాలో అమర్ జ్యోతితో పాటు జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్ కూడా ఉంది. పరీక్షలు పెట్టేవారు, పంతుళ్లకు తర్ఫీదు ఇచ్చేవారు, పిల్లలను కలిపి చదివించి చూపినవారు ఒకే రోడ్డు, వికాస్ మార్గ్, చుట్టూ ఉంటూ వచ్చారు. ఇంత దగ్గరితనం దేశంలో చాలా జిల్లాలకు లేదు.

పనిలో ఉన్న టీచర్లకు ఈ శిక్షణ ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. వికలాంగ బాలలను మామూలు బడుల్లో చేర్చే ఐఈడీసీ పథకం 1974లోనే వచ్చింది. 1987లో యూనిసెఫ్ సాయంతో ఎన్‌సీఈఆర్‌టీ చేపట్టిన పీఐఈడీ ప్రాజెక్టు మరింత జాగ్రత్తగా అడుగేసింది. ఎంపిక చేసిన ప్రాంతాల్లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కూడా ఉంది. అక్కడ శిక్షణను మూడు మెట్లుగా కట్టారు. ఆ ప్రాంతంలోని ప్రాథమిక ఉపాధ్యాయులందరికీ వారం రోజులు, వాళ్లలో పదింట ఒకరికి ఆరు వారాలు, కొద్దిమందికి ఏడాది పొడవునా. అందరికీ కొంత, కొందరికి ఎక్కువ, ఒకరిద్దరికి లోతుగా అన్న ఆ లెక్కలో వివేకం ఉంది. వారం శిక్షణ పొందిన టీచరుకు సందేహమొస్తే అదే బడిలో ఆరు వారాలవారు ఉంటారు, వాళ్లకూ అంతుపట్టనిది వస్తే ఏడాది చదివినవారు పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతకంటే మెరుగైన నమూనా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఆ మెట్ల వరస తర్వాతి పథకాల్లో అదే రూపంలో నిలవలేదు.

ఆ తర్వాత దారి ఎక్కువగా కోర్టుల గుండా సాగింది. సోషల్ జ్యూరిస్ట్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు 2009 సెప్టెంబరులో ఒక్కో బడికి కనీసం ఇద్దరు స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచి, ఆటిజాన్నీ డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. అందరినీ ఒకే తరగతిలో చదివించే సమ్మిళిత విద్య కోసం సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అని అందులో విడిగా రాశారు. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు నిష్పత్తులు తేల్చింది: ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. పత్రికలు ఆ అంకెలనే పట్టుకున్నాయి. మామూలు బడుల్లోని మిగతా టీచర్లకు, సిబ్బందికి కూడా ఈ పిల్లల విషయంలో తప్పనిసరిగా శిక్షణ ఇవ్వాలని అదే తీర్పులో ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ మాటే ఈ ఉపన్యాసానికి ముఖ్యం.

ఎందుకంటే స్పెషల్ ఎడ్యుకేటర్ వచ్చిన బడుల్లో ఓ చిక్కు పుట్టుకొస్తుంది. హాజరు పట్టీలో పేరు తన తరగతిలోనే ఉన్నా, క్లాస్ టీచరు మనసులో ఆ పిల్లవాడు ‘స్పెషల్ మేడమ్ పిల్లవాడు’ అయిపోతాడు. పీరియడ్ మొదలవగానే రిసోర్స్ రూమ్‌కు పంపించేస్తారు. నలభై నిమిషాలు అక్కడ బొమ్మలు, పూసలు, అక్షరాల కార్డులు. తిరిగి వచ్చేసరికి తరగతిలో భిన్నాల పాఠం సగం దాటిపోయి ఉంటుంది. ఎవరి తప్పూ కాదు, స్పెషల్ టీచరు నిజాయితీగానే పనిచేస్తున్నారు. కానీ ఆ పిల్లవాడు రోజులో ఐదు గంటలు గడిపేది క్లాస్ టీచరు ముందే. ఆ ఐదు గంటల్లో ఏం జరుగుతుందన్నదాన్ని బట్టే అతని చదువు ఉంటుంది.

క్లాస్ టీచరుకు ఇది ఎవరు నేర్పారు? 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీఈడీని రెండేళ్లు చేసినప్పుడు సమ్మిళిత పాఠశాల గురించి అందరూ చదవాల్సిన కోర్సు ఒకటి పెట్టింది. పాఠ్యప్రణాళికలో అది సగం పేపరు. అంతకుముందు ఏడాది బీఈడీ చేసి ఉద్యోగంలో చేరినవాళ్లకు, అంటే ఈనాడు బడుల్లో నలభై, యాభై ఏళ్ల వయసున్న వారికి, ఆ సగం కూడా లేదు. వాళ్లు తెలుసుకున్నదేదైనా ఉంటే అది ఉద్యోగంలోకి వచ్చాకే. లేదంటే 2007లో వచ్చిన తారే జమీన్ పర్ సినిమా చూశాక. ఆ సినిమా డిస్లెక్సియా అన్న మాటను ఇంటింటికీ చేర్చిన సంగతి నిజం, దానికి రుణపడి ఉండాల్సిందే. కానీ అందులోని డ్రాయింగ్ మాస్టారుకు ఒక్క పిల్లవాడి మీద దృష్టి పెట్టే తీరిక ఉంది. నలభై మందికి మధ్యాహ్న భోజనం వడ్డించి, లెక్క రాసి, ఎన్నికల డ్యూటీకి కూడా వెళ్లే టీచరుకు ఆ తీరిక ఎక్కడిది?

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 2019 ఆగస్టులో మొదలైన నిష్ఠా శిక్షణ కార్యక్రమం 42 లక్షల మంది ప్రాథమిక, ప్రాథమికోన్నత ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. కరోనా వచ్చాక 2020 నుంచి అదంతా దీక్షా వేదిక మీద ఆన్‌లైన్ పాఠాలుగా మారింది. సమ్మిళిత విద్యకూ అందులో చోటు ఉంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏటా 50 గంటలు నేర్చుకోవాలంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. 21 వైకల్యాల లక్షణాలను క్లాస్ టీచరు ముందుగా గమనించి నమోదు చేస్తే, రెండో భాగంలో స్పెషల్ ఎడ్యుకేటర్ చూస్తారు. ఇది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తెలుసుకునే తొలి జల్లెడ. మంచి పనిముట్టే. అయితే ఫోన్‌లో వీడియో చూసి, క్విజ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ దించుకున్న టీచరు మర్నాడు పొద్దున తరగతిలో బల్ల కింద దూరిన పిల్లవాడి ముందు మళ్లీ ఒంటరే.

గమనించడం అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఈ శిక్షణలో కష్టమైన పాఠం అదే. తూర్పు ఢిల్లీ బడుల్లో ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి. బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కుటుంబాల్లో భోజ్‌పురీ, మైథిలీ వినిపిస్తాయి. తెలుగు ఇంట్లోంచి వచ్చిన పిల్ల సంగతే తీసుకుంటే, ఆమె హిందీలో ‘ఖానా’ను ‘కానా’ అని రాయవచ్చు. తెలుగు ఇళ్లలో మాట్లాడే మాటల్లో ఒత్తు పలకడం తక్కువ కాబట్టి చెవికి ఆ తేడా అలవాటు లేదు. ‘మేరా’, ‘మేరీ’ తారుమారు చేయవచ్చు. కుర్చీకీ పుస్తకానికీ లింగం ఉంటుందని తెలుగులో ఎవరూ చెప్పలేదు మరి. ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టే టీచరుకు ఇవన్నీ మందబుద్ధి గుర్తులుగా కనబడతాయి. నిజానికి అవి రెండు భాషల మధ్య నడుస్తున్న పిల్ల అడుగుజాడలు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. నిజంగానే డిస్లెక్సియా ఉన్న పిల్లవాణ్ణి ‘కొత్తగా వచ్చాడు, భాష రాదు, మెల్లగా వస్తుందిలే’ అని మూడేళ్లు వదిలేస్తారు. తేడా తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్షలు మొదటే అక్కర్లేదు. ఇంటి భాషలో కథ చెప్పించి వినాలి. కథ గలగలా చెప్పి, రాతలో తప్పులు నెలనెలకూ తగ్గుతుంటే భాషే సమస్య. విన్న శబ్దానికీ చూసిన అక్షరానికీ లంకె కుదరకపోవడం నెలల తరబడి అలాగే ఉంటే, ఇంటి భాష అక్షరాల్లోనూ అదే తంటా ఉంటే, అప్పుడు నిపుణుల దగ్గరికి పంపాలి. హిందీలో బ, వ అక్షరాలకు తేడా ఒక్క అడ్డగీత. ఘకూ ధకూ పైన చిన్న మెలిక. తెలుగులో ద, ధ, థ చూడండి, లోపల ఒక చుక్క, కింద ఒక గీత. పైగా ఒక్కో హల్లుకు పదహారు గుణింతాలు, వాటికి తోడు వత్తులు. పిల్లవాడు ఏ అక్షరం దగ్గర, ఏ గుణింతం దగ్గర ఆగుతున్నాడో వారం రోజులు రాసిపెట్టుకున్న టీచరు చేతిలో ఉన్న కాగితం ఏ యాప్ నివేదికకూ తీసిపోదు.

ఈ దిశలో తెలుగు నేల మీద గట్టి పని జరిగింది. 1984లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఎన్ఐఎంహెచ్‌గా పేరుపడి, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా మారిన ఆ సంస్థలో జయంతి నారాయణ్ 1997లో గ్లాడ్ అనే పరీక్షా సాధనాన్ని రూపొందించారు. పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నా, నిజంగా ఏ తరగతి స్థాయిలో చదవగలుగుతున్నాడో, లెక్కలు చేయగలుగుతున్నాడో దాంతో తెలుస్తుంది. మామూలు బడుల్లో వెనకబడే పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాబట్టి దాని విలువ ఎక్కువ. ‘వీడికేం రాదు’ అన్న మాటను ‘వీడికి రెండో తరగతి కూడికల దాకా వచ్చు, తీసివేతలో అప్పు తెచ్చే దగ్గర ఆగాడు’ అన్న మాటగా మార్చగల సాధనమది. మొదటి మాట తర్వాత టీచరు చేయగలిగిందేమీ లేదు. రెండో మాట తర్వాత రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ పనిచేసే ఐఈఆర్టీలు, ఐఈఆర్పీలు అనే సమ్మిళిత విద్యా సిబ్బంది బడులకు వెళ్తారు, కదల్లేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. రోజంతా ఊళ్లు తిరిగి, పిల్లవాడి కాలు సాగదీసే కసరత్తును తల్లికి నేర్పి, సాయంత్రం రిజిస్టరు రాసే మనుషులు వాళ్లు. ఈ దేశంలో సమ్మిళిత విద్య బతికి ఉన్నదంటే ఇలాంటి చిన్న జీతాలవాళ్ల కాళ్ల మీదే. బడికి వచ్చినప్పుడు వాళ్లు పిల్లవాడితో ఒక గంట గడిపి వెళ్తున్నారా, క్లాస్ టీచరుతో కూడా ఒక గంట గడుపుతున్నారా అన్న తేడా మీదే మిగతా వారమంతా ఆధారపడుతుంది. ఆ రెండో గంటను వాళ్ల ఉద్యోగంలో భాగంగా రాసి, దానికి వేళ కేటాయించాలి.

చేతి పనులు నేర్చినట్టే ఇదీ నేర్చుకోవాలి. మగ్గం ముందు కూర్చోకుండా నేత రాదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా విద్యావేత్తలు 1980 నుంచి రాసిన వ్యాసాల్లో ఉపాధ్యాయ శిక్షణ గురించి ఇదే చెప్పారు. సిద్ధాంతం వినిపించి పంపిస్తే తరగతిలో పెద్దగా ఏదీ మారదు. చేసి చూపి, చేయించి, తర్వాత సొంత తరగతిలోనే తోడు కూర్చుని సరిదిద్దితేనే కొత్త పద్ధతి నిలుస్తుంది. ఇటలీ 1977 నాటి 517వ నంబరు చట్టంతో వికలాంగ పిల్లలను మామూలు తరగతుల్లోకి తెచ్చినప్పుడు తోడు టీచరును కూడా తరగతిలోకే పంపింది. ఇద్దరు టీచర్లూ ఒకే గదిలో ఉంటే ఒకరి పని ఇంకొకరికి అంటుతుంది. విడి గదిలో ఉంటే అంటదు.

అందుకే కావలసింది పంతులమ్మ పక్కన ఒక కుర్చీ. అందులో వారానికి ఒక పూట కూర్చునే తోటి మనిషి. తనిఖీ చేయడానికి కాదు. ఆ మనిషి కాగితం మీద రాసుకునేవి చాలా మామూలు సంగతులు. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడినప్పుడు వినికిడి తక్కువైన పిల్ల పెదవులు చూడలేకపోయింది. ‘పుస్తకం తీసి, నలభయ్యో పేజీ తెరిచి, మూడో లెక్క నుంచి చేయండి’ అని ఒకేసారి మూడు పనులు చెప్పినప్పుడు ఒక పిల్లవాడు పుస్తకం తీసి ఆగిపోయాడు. గంట మోగే ముందు చెప్పి ఉంటే ఆ రెండో వరస కుర్రాడు బల్ల కింద దూరేవాడు కాడు. బోర్డు మీద రాస్తూ పైకి చదివితే చూపు మందగించిన పిల్లకు సగం బాధ తప్పేది. పీరియడ్ అయ్యాక ఈ నాలుగు సంగతులూ టీచరుతో కూర్చుని మాట్లాడుకుంటే, మర్నాటి పాఠం మారుతుంది. ఈ మార్పుల్లో దేనికీ డబ్బు అక్కర్లేదు.

డబ్బు, పనిముట్లు అవసరమయ్యేవీ ఉన్నాయి. చూపు లేని పిల్లకు లెక్కలు నేర్పాలంటే టేలర్ ఫ్రేమ్ కావాలి, అబాకస్ కావాలి, వాటిని వాడటం టీచరుకు తెలియాలి. ఆటిజం ఉన్న పిల్లవాడికి రోజులో ఏ పని తర్వాత ఏ పనో బొమ్మల్లో చూపే పట్టీ కావాలి. అట్ట, రంగు పెన్సిళ్లు చాలు గాని, అది ఎందుకో తెలిసిన టీచరు కావాలి. బడిలో పిల్లవాడికి మూర్ఛ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టడం ఇప్పటికీ చూస్తుంటాం. నోట్లో ఏదీ పెట్టకుండా, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, తలకు దెబ్బ తగలకుండా చూసి, గడియారం చూసుకుంటూ ఉండాలన్న సంగతి ప్రతి టీచరుకూ, ఆయాకూ, కాపలా మనిషికీ తెలియాలి. ఒక మధ్యాహ్నం చాలు దీనికి.

ముందే గమనించని లోటు పరీక్షల దగ్గర స్పష్టంగా బయటపడుతుంది. సీబీఎస్ఈ పదో తరగతిలో ఈ పిల్లలకు రాసిపెట్టే మనిషిని ఇస్తుంది, మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది. చాలా మంచి వసతులు. కానీ వాటిని అందుకోవాలంటే సర్టిఫికెట్ ఉండాలి, దానికన్నా ముందు ఎవరో గమనించి ఉండాలి. రెండో తరగతిలో ఎవరూ గమనించని పిల్లవాడు పదో తరగతి దాకా రావడమే అరుదు. యునెస్కో 2019లో భారతదేశం గురించి ఇచ్చిన నివేదిక ప్రకారం వైకల్యమున్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్లడం లేదు. ఐదు నుంచి పంతొమ్మిదేళ్ల వారిలో పావు వంతు వెళ్లడం లేదు. ఐదో ఏట గడప దాటని పిల్లలు తర్వాత బడికి వస్తున్నారంటే, వాళ్లు ఆలస్యంగా, పెద్ద వయసులో, కింది తరగతుల్లోకి వస్తున్నారన్నమాట. వాళ్లను అందుకునేది మళ్లీ ఆ మామూలు టీచరే.

టీచర్లు ఎదురు చెప్పేవి కూడా వినాలి. ‘మాకు ఉన్న పనే తెమలడం లేదు’ అంటారు. ఆ మాట నిజం. శిక్షణకు వెళ్లిన రోజు తరగతి ఎవరు చూస్తారు? ప్రత్యామ్నాయం లేకుండా పిలిస్తే పక్క తరగతి టీచరు మీద ఎనభై మంది పడతారు. ‘మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు’ అన్నది ఇంకో మాట. దీనికి మాటలతో వాదించే కన్నా, ఆ తల్లిదండ్రులను ఒక పొద్దున కడ్కడ్‌డూమా తీసుకెళ్లి అమర్ జ్యోతి తరగతిలో కూర్చోబెట్టడం మేలు. నాలుగు దశాబ్దాలకు పైగా సగం సగంగా కూర్చుని చదివిన పిల్లలున్నారు అక్కడ. ఇక మూడోది, టీచర్లు పైకి చెప్పనిది: భయం. ఏదైనా తప్పు చేస్తే పిల్లవాడికి హాని జరుగుతుందేమోనన్న భయం. ఇది బాధ్యత తెలిసిన మనిషికే వస్తుంది, దాన్ని అయిష్టంగా లెక్కకట్టడం అన్యాయం. పక్కన కుర్చీలో మనిషి ఉంటే తగ్గేది మొదట ఈ భయమే.

వికాస్ మార్గ్ చుట్టూ ఉన్న బడుల్లో ఈ కుర్చీ పద్ధతిని ఒక విద్యా సంవత్సరంలో చేసి చూడవచ్చు. ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవగానే టీచర్లందరికీ వారం బదులు, బడిలోనే వారానికో మధ్యాహ్నం చొప్పున ఐదు మధ్యాహ్నాలు. వేసవి సెలవుల్లో బడికి ఇద్దరు డైట్‌లో ఆరు వారాలు, వాళ్లకు ఆ రోజులకు సెలవు జమ చేసి. జూలై నుంచి ఆ ఇద్దరూ తమ బడిలోనే వారానికి రెండు పీరియడ్లు తోటి టీచర్ల తరగతుల్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం. స్పెషల్ ఎడ్యుకేటర్ పిల్లవాణ్ణి బయటికి తీసుకెళ్లే పీరియడ్లలో కొన్నింటిని తరగతి లోపలి పీరియడ్లుగా మార్చడం. ఏటా నేర్చుకోవాల్సిన 50 గంటల్లో ఈ గంటలన్నిటినీ లెక్కించడం. ఇవి పీఐఈడీ మెట్లే, 1958 నాటి సంక్షిప్త కోర్సుల ధోరణే. కొత్తగా కనిపెట్టాల్సింది లేదు, అమలు చేసే అధికారి సంతకం తప్ప.

ఒక సంగతి మాత్రం ముందే సరిచేసుకోకపోతే ఈ శ్రమ అంతా ఐదో తరగతితో ఆగిపోతుంది. ఢిల్లీలో నగరపాలక సంస్థ బడులు ఐదు దాకే. ఆరో తరగతికి పిల్లలు ఢిల్లీ ప్రభుత్వ బడికి మారతారు. భవనం మారుతుంది, యాజమాన్యం మారుతుంది, ఒక్క క్లాస్ టీచరు స్థానంలో సబ్జెక్టుకొకరు చొప్పున ఆరేడుగురు వస్తారు. టీసీలో పేరు, పుట్టిన తేదీ, హాజరు ఉంటాయి. గంట మోగే ముందు ఈ పిల్లవాడికి చెప్పాలని, ఈ పిల్ల ఎడమవైపు కూర్చుంటేనే వింటుందని, తీసివేతలో అప్పు తెచ్చే దగ్గర ఈ కుర్రాడు ఆగాడని ఎక్కడా ఉండదు. మార్చి నెలాఖరులో ఒక పూట, ఐదో తరగతి టీచరునూ ఆరో తరగతి టీచరునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే, పిల్లకు ఒక పేజీ చొప్పున ఆ కాగితాలు చేతులు మారతాయి. ఆ పూట కోసం రెండు శాఖలు కలిసి ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఆరో తరగతి టీచరు ఆ పేజీ చదివి అడగబోయే మొదటి ప్రశ్న, ‘వీడు ఏ బల్ల మీద కూర్చునేవాడు?’ అని.